మిఠాయి అంగడికి పథ్యం

హోసూరులో నన్ను సగం మంది 'పథ్యం సార్' అంటారు. మిగతా సగం మంది నన్ను చూడగానే చేతిలో ఉన్న బజ్జీని వెనక్కి దాచుకుంటారు. రిటైరయ్యాక కూడా ఈ మర్యాద తగ్గలేదు. మొన్న బస్టాండు దగ్గర టీ తాగుతుంటే, ఎప్పుడో మా క్లినిక్‌కు వచ్చిన ఒకాయన నా పక్కన నిలబడి, నేనేమీ అడగకుండానే "చక్కెర లేదు సార్, చక్కెర లేదు" అంటూ తన గ్లాసు నా ముక్కు కిందకు తెచ్చి చూపించాడు. వాసన చూస్తే తెలిసే సంగతి కాదు. అయినా తల ఊపాను. ఆయన తృప్తిగా తాగాడు.

నేను డైటీషియన్‌ని. కొంతకాలం కృష్ణగిరిలో ఒక ఆసుపత్రిలో, ఆ తరువాత చాలాకాలం హోసూరులో ఒక హార్మోన్ల క్లినిక్‌లో పనిచేశాను. థైరాయిడ్, పీసీఓడీ, షుగరు ఉన్నవాళ్లకు ఏం తినాలో, ఎంత నడవాలో, ఎప్పుడు పడుకోవాలో చెప్పడం నా ఉద్యోగం. ఇప్పుడు ఈ చదువు చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి "ఏదైనా చెప్పండి సార్" అంటారు. ఏ గింజలో ఏముందో వాళ్లకు నాకంటే బాగా తెలుసు. ఆ గింజను మనిషి చేత తినిపించడం ఎట్లాగో మాత్రం ఏ కాలేజీలోనూ చెప్పరు. అందుకని ఇది రాస్తున్నాను. ఎక్కువగా ఒక మిఠాయి అంగడి కుటుంబం గురించే రాస్తాను. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క ఇంట్లో దొరికింది. పేర్లు మార్చాను. "పేరు పెట్టే రాయి సారూ, వ్యాపారం జరుగుతాది" అని వాళ్లే అన్నారు. నేనే ఒప్పుకోలేదు.

తెలిసినావిడకు బాగాలేదు

మా క్లినిక్‌కు వచ్చేవాళ్లలో చాలామందికి ఏ జబ్బూ ఉండేది కాదు. వాళ్లకు తెలిసినావిడకు ఉండేది. పక్కింటామెకు జుట్టు రాలేది, చిన్నమ్మ కూతురికి నెలసరి తప్పేది, ఎవరో స్నేహితురాలికి గడ్డం కింద వెంట్రుకలు మొలిచేవి. ఎదురుగా కూర్చున్నావిడ మాత్రం నిక్షేపంలా ఉండేది. అందులోనూ నేను మగవాణ్ని. హార్మోన్ల సంగతి మగవాడికి చెప్పాలంటే కొంచెం ఇబ్బందే. అందుకని మాటలు చుట్టూ తిరిగి వచ్చేవి. "మా చెల్లెలు తలకు పోసుకోక మూడు పండగలైంది సార్" అని ఒకావిడ కృష్ణగిరిలో అన్నప్పుడు, నేను కొత్తవాణ్ని, అది నెలసరి సంగతని తెలియక ఆ చెల్లెలికి చుండ్రు ఎలా పోగొట్టుకోవాలో చాలాసేపు వివరించాను. ఆవిడ ఓపికగా అంతా విని, లేచి వెళ్లేటప్పుడు నర్సుతో "ఈ సారుకు పెండ్లి అయిందా?" అని అడిగింది.

ఇంకో సంగతి కూడా ముందే తెలుసుకోండి. 'నేచురల్‌గా తగ్గించుకోవడం' అన్న మాట ప్రతి ఒక్కరి నోటా వస్తుంది. నడక నేచురల్. నిద్ర నేచురల్. ఆకలి వేసినప్పుడు తిని, నిండినప్పుడు ఆపడం అన్నిటికన్నా నేచురల్. ఇవి చెబితే మొహం వాడిపోతుంది. వాళ్లు అడిగేది పచ్చగా, చేదుగా, ఒక గ్లాసులో పోసి కళ్లు మూసుకుని తాగేసే వస్తువు. తాగేశాక మిగతా రోజంతా ఎప్పటిలాగే ఉండవచ్చు. కృష్ణగిరిలో మామిడి పండ్ల రోజులు వస్తే నా గది ముందు కుర్చీలు ఖాళీ అయిపోయేవి. సీజను అయ్యాక అందరూ ఒక్కసారిగా వచ్చి "రెండు ముక్కలే సార్" అనేవాళ్లు. ముక్కంటే ఎంత అని అడిగితే, కాయకు రెండు ముక్కలు చేసి చూపించేవాళ్లు. రాగులు మంచివని చెబితే ఒకాయన తన భార్య తలంత రాగిముద్ద తింటున్నానని గర్వంగా చెప్పాడు. పక్కనే ఆమె ఉంది కాబట్టి నాకు కొలత తెలిసింది.

డాక్టర్ సుగుణమ్మ

హోసూరు క్లినిక్ డాక్టర్ సుగుణమ్మది. పొట్టిగా, గట్టిగా, మాటలో ఉప్పూ కారం సరిగ్గా ఉన్న మనిషి. తమిళం, తెలుగు, కన్నడం మూడిటిలోనూ సమానంగా తిట్టేది. ఆమె దగ్గర నేను రెండు విషయాలు నేర్చుకున్నాను.

మొదటిది, రోగి ఏ ముసుగు వేసుకుని వస్తే ఆ ముసుగుతోనే మాట్లాడాలి. "మా ఫ్రెండుకి" అంటే "మీ ఫ్రెండు ఏం తింటారు?" అనే అడగాలి. ముసుగు లాగితే మనిషి లేచి వెళ్లిపోతుంది, ఇక రాదు.

రెండవది ఆమె మొదటి రోజే చెప్పింది. "చూడప్పా రంగనాథప్పా, వంటింట్లో సరిపోయేదానికి నేను మాత్ర రాయను. మాత్ర కావాల్సిందానికి నువ్వు వంటింటిని చూపించొద్దు. నీ పనీ నా పనీ కలిసిపోయినాయంటే ఆ ఆడమనిషి మధ్యలో నలిగిపోతాది."

మా రంగంలో ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి లేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తిండీ నడకా నిద్రా చేసే మేలు చాలా ఉంది. అవి చేయలేనిదీ ఉంది. రెండిటి మధ్య గీత ఎక్కడుందో డాక్టరును అడగాలి. ఫోనులో కనిపించే నవ్వు మొహాల వాళ్లను కాదు.

ఒకే అంగడి డబ్బా

ఒక రోజు ఉదయం భవాని అనే అమ్మాయి వచ్చింది. పెళ్లయి కొన్నేళ్లయింది. పుట్టిల్లు రాయకోట వైపు. వస్తూనే నా బల్ల మీద ఒక మిఠాయి డబ్బా పెట్టింది. డైటీషియన్‌కు అరకిలో మైసూర్‌పాక్ కానుకగా తెచ్చినవాళ్లను అంతకుముందు చూడలేదు.

"నాకేం లేదు సార్," అంది. "మా ఫ్రెండుకి. దానికి నెలలు సరిగ్గా రావు. మూడు నాలుగు నెలలకు ఒగసారి వస్తాది. మొగం నిండా మొటిమలు. బరువు ఎక్కింది. ఇంట్లో ఎవురికీ చెప్పలేదు పాపం."

"మీ ఫ్రెండు పొద్దున టిఫిన్ ఏం తింటారు?"

"జిలేబీ సార్."

"టిఫినుకా?"

"టిఫిను కాదు సార్, టిఫినుకు ముందు. బ్యాచ్ దిగినాక రుచి చూడాల కదా..." అని నాలుక కరుచుకుంది.

రక్తపరీక్ష అవసరమని, దానికి ఆ ఫ్రెండు చెయ్యి కావాలని చెప్పాను. భవాని కొంచెంసేపు ఆలోచించి తన చెయ్యే చాపింది. "నాది తీసుకోండి సార్. దాని బ్లడ్డూ నా బ్లడ్డూ ఒగటే."

సుగుణమ్మ పరీక్షలు చూసి పీసీఓడీ అని తేల్చింది. ముందు తిండి, నడక, నిద్ర సరిచేసి కొన్ని నెలలు చూద్దామంది. నెలసరి అప్పటికీ దారికి రాకపోతే మందు సంగతి ఆలోచిద్దామంది. ఆ ఫ్రెండు తప్పకుండా మళ్లీ కనిపించాలని కూడా గట్టిగా చెప్పింది.

తరువాత కొన్ని రోజులకు నాగరత్నమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. చేతిలో అదే అంగడి డబ్బా.

"మా చెల్లెలికి సారూ. ఎప్పుడు చూసినా అలుపు. వేసవిలో కూడా చలి అంటాది. ఒళ్లు బరువైపోయింది. ఇంట్లో చెప్పేదానికి భయపడతా ఉండాది. కోడలు చిన్నపిల్ల, బెదిరిపోతాది అని."

ఆ చెల్లెలి రక్తం కూడా అక్క చేతినుంచే వచ్చింది. థైరాయిడ్ గ్రంథి మందగించిందని తేలింది. సుగుణమ్మ రోజూ పరగడుపున నీళ్లతో మింగమని, కాఫీ గంట తరువాతే తాగమని మాత్ర రాసింది. నాగరత్నమ్మ చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుంటూ, "ఆమె దూరంగా ఉండాది సారూ, ఆమె బదులు నేనే మింగేస్తాను" అంది. నేను చాలా మంచి పని అన్నాను.

ఆ నెలలోనే మూడవ డబ్బా వచ్చింది. తెచ్చినవాడు మోహన్, నాగరత్నమ్మ కొడుకు, భవాని భర్త. పెద్ద బొజ్జ, పెద్ద నవ్వు.

"మా ఫ్రెండు ఒగడు ఉండాడు సార్. వాడి కష్టం ఎవురికీ వద్దు. అమ్మకు పెట్టిన స్వీటు అమ్మ తినదు, వాడికి పెడతాది. పెండ్లాంకు పెట్టింది ఆమె తినదు, వాడికే పెడతాది. ఏమైందో తెల్దు, ఇంట్లో ఇద్దరికీ వాడిమీద ఒగేసారి ప్రేమ ఎక్కువైపోయింది. మొన్న ప్యాంటు బటన్ ఎగిరి కస్టమర్‌కు తగిలింది సార్."

"దెబ్బ తగిలిందా?"

"లేదు సార్, పావుకిలో ఎక్కువ తూచి ఇచ్చినాను. మా ఫ్రెండు ఇచ్చినాడు."

అతని ఫ్రెండుకు షుగరు గడప దాకా వచ్చి నిలబడి ఉంది. ఇన్సులిన్ కూడా హార్మోనే కాబట్టి అతనూ మా లెక్కలోకే వచ్చాడు.

నేను డాక్టరు గదిలోకి వెళ్లి మూడు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పెట్టాను. ముగ్గురినీ ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడితే ఇంట్లో పని సులువవుతుంది కదా అన్నాను. సుగుణమ్మ మైసూర్‌పాక్ కొరుకుతూనే కళ్లు ఎర్రజేసింది.

"నోరు మూసుకో రంగనాథప్పా. ఆ ముగ్గురూ వేరే వేరే మనుషులు. ఒగరి సంగతి ఇంగొగరికి చెప్పేదానికి మనమెవురు? వాళ్లంతట వాళ్లు చెప్పుకుంటే చెప్పుకోనీ. నువ్వు మాత్రం సుమ్మనే ఉండు."

సుమ్మనే, అంటే నోరు మెదపకుండా, ఉండటం ఎంత కష్టమో అప్పటికి నాకు తెలియదు.

కొండ రోడ్డు మీద ఇద్దరు అపరిచితులు

ముగ్గురికీ నేను చెప్పినవి పెద్ద విద్యలేమీ కాదు. రుచి చూసేముందు కడుపుకు సరైన తిండి పడాలి. రాగిముద్ద పిడికిలంత చాలు, దాంతోపాటు ఉలవచారో పప్పో పెసలో గట్టిగా ఉండాలి. అనపకాయల కాలంలో ఆ చిక్కుడు గింజలు నానేసి పొట్టు తీసిన పితికిపప్పు మానొద్దు. స్వీటు తినాల్సివస్తే భోజనం తరువాత చిటికెడు. రోజూ నడవండి, చెమట పట్టేలా. వేళకు పడుకోండి.

నడవడానికి హోసూరులో కొండ రోడ్డు కంటే మంచి చోటు ఏముంది? మోహన్ సాయంత్రాలు నడుస్తానని మాటిచ్చి, సాయంత్రాలు వ్యాపారం ఎక్కువని మానేశాడు. ఆడవాళ్లిద్దరూ తెల్లవారుజామున బయలుదేరారు. కోడలు పాలకని చెప్పి వెనక తలుపులోంచి, అత్త గుడికని చెప్పి ముందు తలుపులోంచి. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు దిగేవాళ్లు. హోసూరు మంచు మీకు తెలిసిందే, పదడుగుల దూరంలో ఏనుగున్నా కనిపించదు. దానికితోడు ఎవరూ గుర్తుపట్టకూడదని నాగరత్నమ్మ మొగుడి పాత స్వెట్టరు తొడిగి, మంకీ క్యాప్ పెట్టుకునేది. భవాని మొగుడి ట్రాక్ ప్యాంటు మీద జర్కిన్ వేసి, మొహానికి మాస్కు కట్టేది.

నెల తిరక్కముందే నాగరత్నమ్మ నా గదిలో కూర్చుని చెప్పింది. "మా చెల్లెలు కొండకు నడస్తా ఉండాది సారూ. ఆడ ఒగ పిల్ల వస్తాదంట. మాస్కు కట్టుకోని ఏం విసురుగా నడస్తాదో! నన్ను... మా చెల్లెల్ని చూసి రోజూ చెయ్యి ఊపుతాదంట. ఎవురు కన్న బిడ్డో. మా ఇంట్లోనూ ఉండాది ఒగతి, ఇంగా పాలకే పోయి రాలేదు."

అదే వారం భవాని వచ్చింది. "కొండమీద ఒగ ముసలి అజ్జి కనిపిస్తాది సార్ మా ఫ్రెండుకి. మంకీ క్యాప్ పెట్టుకోని, ఉరుకులు పరుగులు. ఆ వయసులో ఆ ఓపిక చూస్తే ముచ్చటేస్తాది. మా అత్త కూడా అట్ల ఉంటే ఎంత బాగుండు! ఆమె గుడికి పోయి ఆడనే కూర్చుండిపోతాది."

నేను బల్ల కిందకు వంగి పెన్ను వెతికాను. పెన్ను నా జేబులోనే ఉంది. ఆ రోజుల్లో నేను చాలాసార్లు పెన్ను వెతికాను.

ఇంతకీ ఆ నడక పనిచేయడం మొదలుపెట్టింది. భవాని మొహం తేటపడింది. నాగరత్నమ్మ మెట్లు ఎక్కి వచ్చి కూడా ఆయాసం లేకుండా మాట్లాడుతోంది. మాత్రా నడకా రెండూ కలిసి ఆమెను లేపి నిలబెట్టాయి. చిక్కు అక్కడే వచ్చింది.

అజ్జి కనిపించడం లేదు

బాగున్నప్పుడే మనుషులు మందు మానేస్తారు. పిల్లలూ, ఇది గోడమీద రాసి పెట్టుకోండి. బాగా లేనప్పుడు ఎవరూ మానరు.

ఒకసారి భవాని వచ్చి తన సంగతి అంతా చెప్పాక, లేవబోతూ అంది. "ఆ అజ్జి ఈ మధ్య రావడం లేదు సార్. చివర్లో వచ్చినప్పుడు సగం దూరం కూడా ఎక్కలేదు, రాయి మీద కూర్చుండిపోయింది. చెయ్యి ఊపితే తిరిగి ఊపలేదు. ఏమైపోయిందో పాపం. మా ఫ్రెండుకు మనసంతా అట్లనే ఉండాది."

నేను అపాయింట్‌మెంట్ పుస్తకం తెరిచాను. నాగరత్నమ్మ రావలసిన తేదీ కూడా దాటిపోయింది. ఫోన్ చేస్తే గొంతు మొద్దుగా, బరువుగా పలికింది. "చెల్లెలు బ్రమ్మాండంగా ఉండాది సారూ. ఇంగ రావాల్సిన పనే లేదు" అని పెట్టేసింది. ఎదురుగా కూర్చున్న కోడలికి అత్త సంగతి చెప్పలేను. అత్త తనంతట తాను రాదు. డాక్టరమ్మను అడిగాను. ఆమె ఈసారి తిట్టలేదు.

"నువ్వు ఆ అంగడికి స్వీటు కొనేదానికి పోవచ్చు కదా? మనిషిని కండ్లతో చూసి రా. ఏమీ మాట్లాడొద్దు. క్లినిక్‌కు రమ్మని ఆమెకు మాత్రం చెవిలో చెప్పు."

అలా నేను జీవితంలో మొదటిసారి ఉద్యోగంలో భాగంగా మిఠాయి అంగడికి వెళ్లాను. వీధిలో నా పాత రోగులు ముగ్గురు ఎదురయ్యారు. ఒకాయన "సార్, మీరు కూడానా?" అన్నాడు. ఆ గొంతులో ఉన్న ఆనందం ఇప్పటికీ మరచిపోలేను.

కర్పూరం లడ్డు

మధ్యాహ్నం వేళ. గల్లాపెట్టె దగ్గర నాగరత్నమ్మ కూర్చుని కునుకు తీస్తోంది. ఒక కస్టమర్ జిలేబీ అడిగి, ఆమె కళ్లు తెరవకపోయేసరికి మర్యాదగా పక్కకు జరిగి నిలబడ్డాడు. ఆమె మొహం ఉబ్బింది. కళ్ల కింద తిత్తులు. చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. మోహన్ తూకం దగ్గర ఉన్నాడు. భవాని డబ్బాలు కడుతోంది. నన్ను చూసి మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఒకేసారి బిగుసుకుపోయారు. ఎవరి భయం వాళ్లది.

నేను నాగరత్నమ్మ దగ్గరకు వంగి ఏదో అనబోయేలోగా, ఒక పెద్దాయన రెండు చేతులా పెద్ద లడ్డు బకెట్లు పట్టుకుని లోపలికి వచ్చాడు. ఉదయమే నిశ్చితార్థానికి తీసుకెళ్లినవి. బకెట్లు గచ్చుమీద ధనామని పెట్టాడు.

"ఏమప్పా మోహనా, ఇవి లడ్డులా, హారతి బిళ్లలా? తిన్నోళ్లంతా కండ్లు మూసుకోని దండం పెట్టుకుంటా ఉండారు! మా వియ్యంకుడు నోట్లో పెట్టుకోని, మంత్రాలు అయిపోయినాయా అని అడిగినాడు!"

మూత తీస్తే అంగడంతా గుడి వాసన. లడ్డు మాస్టరు పచ్చకర్పూరం కొత్త పొట్లం మొత్తం పాకంలో వంచేశాడు. ఒక్కరు రుచి చూసి ఉంటే ఆ బ్యాచ్ వీధి దాటేది కాదు.

మోహన్ తల్లివైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చూసినావు కదా?"

నాగరత్నమ్మ కళ్లు తెరిచింది. "భవాని చూసింది."

"నేనా? ఆయన చూస్తానన్నాడు," అంది భవాని.

"నేను నీకిచ్చినాను కదే!"

"నేను అత్తకిచ్చినాను!"

"నేను మోహనుకు ఇచ్చేసినాను," అంది నాగరత్నమ్మ.

ఒకే లడ్డు ఆ ముగ్గురి చేతుల్లో గుండ్రంగా తిరిగి, మళ్లీ బకెట్లోకే పోయిందన్నమాట. మోహన్ కళ్లు ఎందుకో నా మీద పడ్డాయి. తరువాత భవాని కళ్లు. నేను గాజు అలమరలోని బాదుషాలను చాలా శ్రద్ధగా చూశాను.

పెద్దాయనకు సమాధానం చెబుదామని నాగరత్నమ్మ లేచింది. లేచి ఒక్కక్షణం ఊగి, బల్ల పట్టుకుని మళ్లీ కూలబడింది. "చలేస్తా ఉండాది," అంది. ఎండ మండిపోతోంది. ఆమె గల్లాపెట్టె కిందకు చెయ్యి పెట్టి తడిమి, మంకీ క్యాప్ తీసి తలకు తగిలించుకుంది.

భవాని చేతిలోని దారం జారిపోయింది.

"కొండమీద అజ్జి!" అని అరిచింది. "అత్తా! నువ్వేనా?"

నాగరత్నమ్మ క్యాప్‌లోంచి ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "మాస్కు పిల్లవు నువ్వా?" అంది మెల్లగా. అంత నీరసంలోనూ కోపం వచ్చింది. "రోడ్డుమీద రోజూ చెయ్యి ఊపినావు! ఇంట్లో ఒగనాడన్నా ఊపినావే నాకు?"

భవాని ఏడుస్తూ, నవ్వుతూ, పోయి ఆమె పక్కన కూర్చుంది. చేతులు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. "నీకేమైందత్తా? ఎందుకు రావడం మానేసినావు? నేను రోజూ ఆ రాయి దగ్గర నిలబడి చూస్తా ఉండాను."

అప్పుడు చెప్పింది నాగరత్నమ్మ. థైరాయిడ్ తనకే ఉందని, చెల్లెలనేదే లేదని. నడకతో బాగైపోయాననుకుందట. ఫోనులో ఎవరో ధనియాలు నానబెట్టిన నీళ్లు తాగితే మాత్రతో పనిలేదని చెప్పారట. మాత్రలు ఆపేసిందట. మోహన్ తూకం వదిలేసి తల్లి దగ్గరకు వచ్చాడు. లడ్డు బకెట్ల పెద్దాయన మాత్రం అన్నీ మరచిపోయి, "ముందు డాక్టరు దగ్గరకు పిలుచుకోని పోండప్పా. లడ్డు సంగతి తరవాత" అన్నాడు. ఆ మనిషికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

డాక్టరు తిట్లు

సుగుణమ్మ ఆమెను పరీక్షించి, రక్తం పంపి, ఆ తరువాత తిట్టింది. ముందు వైద్యం, తరువాత తిట్లు, ఆమె పద్ధతి అది.

"ధనియాల నీళ్లు మంచివే నాగరత్నమ్మా. చారులో ధనియాలు ఇంగా మంచివి. నీ థైరాయిడ్ గ్రంథికి మాత్రం ఆ సంగతి తెల్దు. అది చేయాల్సిన పని ఆ మాత్ర చేస్తా ఉండాది. ఇంగా కొన్నాళ్లు ఇట్లే ఉంటే గుండెకు వస్తాది, తెలుసా?"

నాగరత్నమ్మ తల వంచుకుంది. భవాని ఆమె చెయ్యి వదలకుండానే డాక్టరమ్మ వైపు చూసి, "నా ఫ్రెండు నేనే మేడమ్" అంది. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మోహన్ చెయ్యి ఎత్తి, "నాది కూడా అంతే" అన్నాడు. సుగుణమ్మ మొహంలో గొప్ప ఆశ్చర్యం తెచ్చిపెట్టుకుని "అట్లనా!" అంది. నేను పెన్ను వెతికాను.

ఆ రోజు నుంచి పని సగమైంది. ఒక ఇంట్లో ఒక్కరు పథ్యం చేస్తే మిగతావాళ్లు శత్రువులవుతారు, తెలిసి కాదు, ప్రేమతోనే. ముగ్గురూ దాచి చేసినప్పుడు ఒకరి తిండి ఇంకొకరి గొంతులో కుక్కారు. చెప్పుకున్నాక ఒకే కుండలో రాగిసంగటి ఉడికింది. రుచి చూడటానికి వంతులు వేసుకున్నారు, చిటికెడే, అదీ టిఫిన్ తిన్నాక. బరువులు ఎత్తితే కండ పెరిగి ఇన్సులిన్‌కు మంచిదని చెబితే, భవాని శనగపిండి డబ్బాలు ఎత్తి దించడం మొదలుపెట్టింది. పనివాళ్లు ఖుషీ. అంగడి మూశాక ఫోన్లు మూడూ ఖాళీ నెయ్యి డబ్బాలో పెట్టి మూత వేసేవాళ్లు. ముగ్గురికీ నిద్ర వచ్చింది. ఫోన్లకు నెయ్యి వాసన వచ్చింది.

మోహన్‌ను కొండకు వాళ్లిద్దరే మధ్యలో పెట్టుకుని తీసుకెళ్లేవాళ్లు. పోలీసులు దొంగను తీసుకుపోతున్నట్టు ఉందని నేనే ఒకసారి చూసి నవ్వాను. ఇంతా చేసి వాళ్లు దేవతలేమీ అయిపోలేదు. నడకలో ఎవరు ముందు పోవాలని అత్తాకోడళ్లకు రోజూ గొడవే. మా కృష్ణగిరి పక్క పోచంపల్లి సంతకు పోయినప్పుడు మోహన్ బోండాలు తిని వచ్చి, ఇంట్లో వాసన పట్టుబడి, మరునాడు కొండ రెండుసార్లు ఎక్కాడు. నాగరత్నమ్మ మాత్రం మాత్ర మళ్లీ మానలేదు. నెమ్మదిగా వాపు దిగింది, గొంతు తిరిగి వచ్చింది. గొంతు రావడం గురించి మోహన్ అంత సంతోషంగా ఉన్నట్టు కనిపించలేదు.

వచ్చినవాళ్లకు నాలుగు మాటలు

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నా అభిప్రాయాలు ఉన్నది ఉన్నట్టు చెబుతాను. తిట్టి ఎవరి చేతా కూరగాయలు తినిపించలేరు. రోగిని చూసినంత శ్రద్ధగా వాళ్ల వంటిల్లు ఎలా నడుస్తుందో అడగండి, ఎవరు వండుతారు, ఎవరు వడ్డిస్తారు, మిగిలింది ఎవరు తింటారు. చాలా ఇళ్లలో మిగిలిందంతా అమ్మ కడుపులోకి పోతుంది, ఆమె అది తిండి కింద లెక్కపెట్టదు. హార్మోన్లు రాత్రికి రాత్రి తప్పుదారి పట్టలేదు, రాత్రికి రాత్రి తిరిగి రావు. వారంలో సరిచేస్తామని ఎవరైనా అంటే వాళ్ల దగ్గర అమ్మడానికి ఏదో ఉంటుంది. మీ సలహాతో ఎవరైనా మాత్ర మానేశారని తెలిస్తే, ఆ రోజు మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఆ మనిషి వెంట పడండి.

ఇంకోటి. పిల్లలు ఎప్పుడని పెళ్లయిన అమ్మాయిని అడగకండి. ఆమె నెలసరి ఆమె ఒంటి ఆరోగ్యం కోసం సరిగ్గా రావాలి. భవానిని నేనెప్పుడూ అడగలేదు. మీరూ ఇప్పుడు నన్ను అడగకండి.

నేను రిటైరవడానికి కొంచెం ముందు, ఒక ఉదయం క్లినిక్‌లో ఉండగా నాగరత్నమ్మ ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టి మాట్లాడుతోంది. వెనక జిలేబీ మూకుడు చిటపటలు, కస్టమర్ల మాటలు.

"సారూ! వచ్చేసింది!"

"ఎవరమ్మా?"

"ఎవురేంది సారూ! భవానికి! పోయిన నెల వచ్చింది, దానికి ముందు నెల వచ్చింది, ఈ నెల కూడా తేదీకి సరిగ్గా వచ్చేసింది!"

"అమ్మా, మెల్లగా! అంగట్లో జనం ఉండారు!" అని మోహన్ బతిమాలడం వినిపించింది.

"ఉంటే ఉండనీ! ఏమి దొంగతనం చేసినామా? భవానీ, ఆ మైసూర్‌పాక్ తట్ట ఇట్ల తీసుకో. అందరికీ ఒగోటి పెట్టు. మనకొద్దులే, వాళ్లకు పెట్టు."

"అత్తా, నాకు సిగ్గు!" అంది భవాని. నవ్వు ఆపుకోలేకపోతోంది.

తట్ట చేతులు మారుతున్న చప్పుడు. ఎవరో ముసలాయన మైసూర్‌పాక్ నములుతూ, "ఏమమ్మా విశేషం?" అని అడిగాడు. నాగరత్నమ్మ ఏ దాపరికమూ లేకుండా చెప్పేసింది. నమలడం ఆగింది. జిలేబీ మూకుడు కూడా ఆగినట్టే అనిపించింది.

తరువాత ఆ ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఇంకో ముక్క తీసుకున్నట్టున్నాడు, మాట నిండుగా వచ్చింది.

"చాలా సంతోషం తల్లీ," అన్నాడు. "ప్రతి నెలా ఇట్లనే జరగాల."